దుప్పట్ల ఆర్డరు చెత్తబుట్టలో పడింది

ఆ ఏడు ఎమ్మిగనూరు జాతరలో ఒకాయన మమ్మల్ని నలుగురిలో నిలబెట్టి కడిగేశాడు. పుష్య పౌర్ణమికి జరిగే నీలకంఠేశ్వరస్వామి జాతర అది. నా పక్కనున్నది ఎమ్మిగనూరులో దుప్పట్లు, తువ్వాళ్ళు అమ్మే షావుకారు. ఆయనకు వెబ్‌సైటు కట్టించి ఇచ్చింది నేను. కడిగినాయన మంత్రాలయంలో ఒక లాడ్జి మేనేజరు.

"నూటిరవై దుప్పట్లు కావాలని మీ సైటులో రాస్తిని. పది దినాలు చూస్తిని. పలికే దిక్కు లేదు. బేరం వద్దంటే వద్దని చెప్పాల గదప్పా! మమ్మల్ని సంప్రదించండి అని బోర్డు ఏంటికి మరి?"

షావుకారు నా వైపు చూశాడు. నేను తేరు వైపు చూశాను.

ఆదోనిలో రైల్వే స్టేషనుకు పోయే దారిలో నాకో కంప్యూటరు అంగడి ఉంది. పెళ్ళి పత్రికలు, పరీక్షల దరఖాస్తులు, పాన్ కార్డులు, మధ్యమధ్యలో వెబ్‌సైట్లు. మాది పత్తి ఊరు. యార్డుకు పత్తి వచ్చే నెలల్లో ఏ వీధికి పోయినా దూది పింజెలు గాలిలో ఎగురుతుంటాయి. ఇక్కడ నా గిరాకీలు జిన్నింగు మిల్లులవాళ్ళు. ముప్పై కిలోమీటర్ల అవతల ఎమ్మిగనూరులో నేత సరుకు అమ్మేవాళ్ళు. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ చేనేత సహకార సంఘం పెట్టి, ఆ ఊరి దుప్పటికి పేరు తెచ్చారు. 1954లో, పద్మ పురస్కారాలు మొదలైన ఏడే, ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అంత పేరున్న సరుకు అమ్ముకునే మనిషి నూటిరవై దుప్పట్ల బేరం పోగొట్టుకున్నాడు. తప్పు మగ్గానిది కాదు, నాది.

షావుకారు సైటులో ఒక ఫారం ఉంటుంది. పేరు, ఫోను, ఈమెయిలు, "ఏం కావాలో రాయండి" అని ఓ పెద్ద గడి, కింద "పంపు" మీట. అంతే. పెట్టిన మొదటి వారం మూడు ఉత్తరాలొచ్చాయి, మూడూ దుప్పట్ల గురించే. షావుకారు సంబరంగా నాకు ఉగ్గాని బజ్జి తినిపించాడు. నెల తిరిగేసరికి రోజుకు ముప్పై, నలభై రావడం మొదలైంది. మీ సైటును గూగుల్ మొదటి పేజీలోకి తెస్తామని ఒకడు. పూచీకత్తు లేకుండా కోట్ల అప్పు ఇస్తామని ఇంకొకడు. జూదం సైట్ల లింకులు, చెప్పడానికి సిగ్గేసే మాత్రల ప్రకటనలు, రష్యన్ అక్షరాల్లో నిలువునా ఓ స్తంభం.

"నా అంగడి పేరు ఆ రష్యావోడికి యాడ తెలిసె?" అన్నాడు షావుకారు.

తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. ఒక ప్రోగ్రాము రాత్రింబవళ్ళు సైటు నుంచి సైటుకు తిరుగుతూ, ఎక్కడ ఫారం కనబడితే అక్కడ గడులన్నీ నింపి పంపు నొక్కుతుంది. మేకకు చేను ఎవరిదో అక్కర్లేదు, కంచె లేకుంటే చాలు. లక్ష ఫారాలు నింపినా దాని యజమానికి అయ్యే ఖర్చు దాదాపు సున్నా. లక్షలో ఒకడు లింకు నొక్కినా లాభమే.

ఈ అలవాటు కొత్తది కాదు. 1978 మే నెలలో అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ అనే కంప్యూటర్ల కంపెనీ ఉద్యోగి గ్యారీ థర్క్, ఇంటర్నెట్‌కు తొలిరూపమైన ఆర్పానెట్‌లో దాదాపు 400 మందికి ఒకే ప్రకటన పంపాడు. అడగని ప్రకటన మెయిలుకు ఆద్యుడిగా ఆయన పేరే చెబుతారు. 'స్పామ్' అన్న పేరు మాత్రం తర్వాత వచ్చింది. అది 1937 నుంచి అమెరికాలో అమ్ముతున్న డబ్బా మాంసం పేరు. బ్రిటన్ హాస్యబృందం మాంటీ పైథాన్ 1970లో చేసిన ఒక హాస్య సన్నివేశంలో, హోటల్లో ఏ వంటకం అడిగినా అందులో స్పామే ఉంటుంది. వద్దన్నా వడ్డించేదానికి ఆ పేరు అట్లా స్థిరపడింది.

సరే, లాడ్జి ఆర్డరు ఏమైంది? జాతర నుంచి తిరిగొచ్చి ఆ రాత్రే షావుకారు మెయిలు తెరిచి కూర్చున్నాను. కారణాలు రెండు తేలాయి, రెండూ నా నిర్వాకమే.

చెత్త ఎక్కువైన రోజుల్లో నేనే ఆయనకు ఒక ఉపాయం చెప్పాను. "అన్నా, పనికిరానిది వస్తే 'స్పామ్' అన్న మీట నొక్కండి, మెయిలుకు అదే అర్థమైపోతుంది." ఆయన శ్రద్ధగా నొక్కాడు. రోజూ పొద్దున పూజ అయ్యాక ఓ ముప్పై నొక్కులు. మెయిలుకు అర్థమూ అయింది, కాకపోతే వేరే రకంగా. ఫారంలో ఎవరు రాసినా ఆ రాతను సైటున్న సర్వరే మెయిలుగా కట్టి పంపుతుంది. రష్యావాడి చెత్తా, లాడ్జివాళ్ళ బేరమూ ఒకే సర్వరు నుంచి వస్తాయి. ఆ సర్వరు షావుకారు సొంత సైటుది. పోస్టుమాను ఒక్కడే. రోజూ ముప్పైసార్లు "వీడు చెత్త తెస్తున్నాడు" అని ఫిర్యాదు చేస్తే, ముప్పై ఒకటోసారి వాడు తెచ్చిన అసలు ఉత్తరం కూడా గడప దాటదు. షావుకారు తన చేత్తో తన సైటుకే దొంగ ముద్ర వేశాడు. వేయించింది నేను. స్పామ్ పెట్టెలో పడ్డవి ముప్పై రోజులకు వాటంతటవే తుడుచుకుపోతాయి. నేను వెతికేటప్పటికి లాడ్జి ఉత్తరం ఆనవాలు కూడా లేదు.

రెండో తప్పు ఇంకా చిన్నది, ఇంకా ప్రమాదకరమైనది. ఉత్తరం చూడగానే జవాబు రాయడానికి వీలుగా ఉంటుందని, 'పంపినవారు' అన్నచోట ఫారం నింపిన మనిషి ఈమెయిలు పెట్టాను. చాలామంది చేసే పనే. కానీ మెయిలు లోకంలో అది దొంగ సంతకం. ఫలానా చిరునామా పేరుతో మెయిలు పంపే హక్కు ఏ సర్వర్లకు ఉందో చెప్పే పట్టీ ఎస్‌పీఎఫ్. మెయిలు మీద పడే సీలు డీకిమ్. ఈ రెండూ సరిపోకపోతే ఏం చేయాలో చెప్పేది డీమార్క్. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఈ తనిఖీలను మరింత బిగించాయి. లాడ్జి మేనేజరు పేరుతో నా సర్వరు మెయిలు పంపితే, ఆ పట్టీలో నా సర్వరు ఉండదు కదా. పంపినవారు ఎప్పుడూ సైటే కావాలి. నింపిన మనిషి చిరునామా 'జవాబు ఎవరికి' అన్న గడిలోకి పోవాలి. మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది. నూటిరవై దుప్పట్ల ఖరీదు గల రెండు నిమిషాలు.

కాబట్టి వడపోత జరగాల్సింది మెయిలు పెట్టెలో కాదు, ఫారం గుమ్మం దగ్గర. మెయిలుగా మారకముందే చెత్తను ఆపాలి.

మొదట కట్టింది ఎలుకల బోను. ఇంగ్లిష్‌లో హనీపాట్ అంటారు. ఫారంలో ఇంకో గడి పెట్టి, మనిషి కంటికి కనబడకుండా దాచేస్తాం. మనిషి దాన్ని చూడడు, నింపడు. ప్రోగ్రాము పేజీ వెనకున్న రాతను చదువుతుంది కాబట్టి గడి కనబడగానే ఆశగా నింపుతుంది. నిండిందా, దొరికింది. పైసా ఖర్చు లేదు, గిరాకీకి ఏ ఇబ్బందీ లేదు. మొదటి రోజే సగానికి పైగా చెత్త ఆగిపోయింది. ఒక్క జాగ్రత్త ఉంది. ఆ గడికి 'ఫోన్ 2' లాంటి మామూలు పేరు పెడితే, గిరాకీ ఫోనులోని బ్రౌజరు తనకు తెలిసిన నంబరును చొరవగా అందులో నింపేస్తుంది. అప్పుడు బోనులో పడేది పెళ్ళికి తువ్వాళ్ళు కావాలన్న ఆసామి. చూపులేనివాళ్ళకు తెరను చదివి వినిపించే ప్రోగ్రాముకు కూడా ఆ గడిని వదిలేయమని చెప్పాలి.

రెండోది గడియారం. పేజీ తెరిచిన క్షణానికీ పంపు నొక్కిన క్షణానికీ మధ్య ఎంతసేపు? మూడు సెకన్లలోపు నిండిన ఫారం మనిషిది కాదు. మా గిరాకీలు "దుప్పటి" అని టైపు చేయడానికే అంతకన్నా ఎక్కువ తీసుకుంటారు.

మూడోదాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. బొమ్మల పరీక్ష పెట్టాను. దాన్ని క్యాప్చా అంటారు. ఆ పేరును కంప్యూటరు శాస్త్రవేత్తలు లూయిస్ వాన్ ఆన్, మాన్యుయెల్ బ్లమ్, వాళ్ళ తోటివాళ్ళు పెట్టారు, 2003 ప్రాంతంలో. ఎదుటనున్నది మనిషో యంత్రమో యంత్రమే తేల్చే పరీక్ష. 2007లో వచ్చిన రీక్యాప్చాలో ఒక తెలివి ఉంది. మనం విప్పిన వంకర అక్షరాలు పాత పుస్తకాలవి, పాత న్యూయార్క్ టైమ్స్ సంచికలవి. కంప్యూటరు చదవలేని మాటలను కోట్లాది జనం చేత ఉచితంగా చదివించారు. 2009లో గూగుల్ దాన్ని కొనుక్కుంది. తర్వాత అక్షరాల బదులు వీధి బొమ్మలొచ్చాయి.

ఆ వీధులు మనవి కావు, చిక్కంతా అక్కడే. రిటైరైన ఒక పంతులుగారిని నా అంగడిలో కూర్చోబెట్టి ఫారం నింపమన్నాను. తొమ్మిది బొమ్మలు వచ్చాయి. "ఫైర్ హైడ్రంట్ ఉన్నవి ఎంచుకోండి" అంది తెర.

"అదేంది నాయనా?"

"మంటలార్పే నీళ్ళ కుళాయి సార్. అమెరికాలో రోడ్డు పక్కన ఉంటాది."

"నేను మైలురాయి అనుకుంటిని. మన ఆదోనిలో తాగే కుళాయిలోనే నీళ్ళు రావు, రోడ్డు పక్కన మంటలార్పేదానికి ఇంకో కుళాయా?"

తర్వాత పార్కింగ్ మీటర్లు అడిగింది, ఆ తర్వాత పసుపు రంగు స్కూలు బస్సులు. మూడోసారి తప్పని చెప్పేసరికి పంతులుగారు లేచారు. "నేను మనిషినని ఆ మిషనుకు రుజువు చేసుకోవాల్సిన కర్మ నాకెందుకప్పా, ఫోను చేస్తా లే." ఆరోజే బొమ్మలు తీసేశాను. పోనీ ఆ పరీక్ష దొంగలనైనా ఆపుతుందా అంటే అదీ అంతంత మాత్రమే. క్యాప్చాలు విప్పి ఇవ్వడమే పనిగా పెట్టుకున్న దుకాణాలు ఎప్పటినుంచో ఉన్నాయి. వెయ్యి విప్పితే ఒక డాలరో, అంతకన్నా తక్కువో. మన దేశంలోనూ ఆ కూలికి కూర్చున్నవాళ్ళున్నారు. 2023లో కాలిఫోర్నియా పరిశోధకులు పోల్చి చూస్తే, ఈ పరీక్షల్లో మనుషుల కన్నా ప్రోగ్రాములే వేగంగా, తక్కువ తప్పులతో గట్టెక్కాయి. ఇప్పుడు బొమ్మలు చూపకుండా వెనకనుంచే నడక చూసి అంచనా కట్టేవి ఉన్నాయి. 2018లో వచ్చిన రీక్యాప్చా మూడో కూర్పు సున్నా నుంచి ఒకటి దాకా మార్కు వేస్తుంది. 2022లో క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ టర్న్‌స్టైల్ అనే అట్లాంటిదాన్నే తెచ్చింది. పెద్ద సైట్లకు అవి మేలు.

బొమ్మల బదులు ఊరి ప్రశ్న పెట్టాను. "రాఘవేంద్రస్వామి బృందావనం ఏ ఊళ్ళో ఉంది?" మా వైపు పసిపిల్లవాడికీ తెలుసు, ప్రోగ్రాముకు తెలియదు. బ్రహ్మాండం అనుకున్నాను. తెలుగులో మంత్రాలయం అని రాశారు. ఇంగ్లిష్ అక్షరాల్లో నాలుగు రకాలుగా రాశారు. కర్ణాటక భక్తులు 'మంత్రాలయ' అని ఆపేశారు. ఒకాయన 'తుంగభద్ర తీరం' అని రాశాడు, తప్పెట్లా అంటాం? చివరికి లెక్కలోకి దిగాను. "రెండు దుప్పట్లు, మూడు తువ్వాళ్ళు, మొత్తం ఎన్ని?" 5 అన్నా, ఐదు అన్నా, తెలుగు అంకె ౫ వేసినా సరే. ఇది గట్టి తాళమేమీ కాదు. పనిగట్టుకుని వచ్చేవాడు క్షణంలో విప్పుతాడు. కానీ ఒక దుప్పట్ల అంగడి మీదికి పనిగట్టుకుని ఎవరొస్తారు?

ఇక రాతను చదివి తేల్చే వడపోత. ఇందులో నేను మొదట చేసింది మొరటు పని. 'బల్క్', 'బెస్ట్ ప్రైస్', 'ఎక్స్‌పోర్ట్' అన్న మాటలుంటే ఆపేయమని ఒక జాబితా రాసి, అదే జాబితాను ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లు సైటుకూ తగిలించాను. వారంలో మిల్లాయన ఫోను. "కోయంబత్తూరు పార్టీ మెయిలు పెట్టినామంటున్నారు, నాకు రాలేదే?" రాదు మరి. నూలు మిల్లువాడు బేళ్ళు కొనేటప్పుడు బల్క్ అనక, బెస్ట్ ప్రైస్ అనక ఇంకేమంటాడు? చెత్త రాసేవాడి మాటలూ పత్తి కొనేవాడి మాటలూ ఒకటే. ఒక్క మాట పట్టుకుని మనిషిని తూచకూడదు. యార్డులో కొనేవాడు కుప్ప పైన కనబడే పత్తిని చూసి ధర వేయడు, చెయ్యి లోపలికి దూర్చి గుప్పెడు లాగి, పింజె సాగదీసి, చెమ్మ చూసి, నలక చూసి, అన్నీ కలిపి ఒక మాట చెబుతాడు.

సరిగ్గా ఆ పని చేసే లెక్క ఒకటుంది. థామస్ బేయిస్ అనే ఇంగ్లండు క్రైస్తవ బోధకుడిది. ఆయన 1761లో పోయాడు, ఆ లెక్కున్న వ్యాసం 1763లో అచ్చయింది. దాన్ని చెత్త మెయిళ్ళ మీద ప్రయోగించినవాళ్ళు అంతకుముందే ఉన్నా, అందరి నోళ్ళలో పడేట్టు చేసింది 2002 ఆగస్టులో పాల్ గ్రాహమ్ అనే ప్రోగ్రామరు రాసిన వ్యాసం.

లెక్క ఇట్లా ఉంటుంది. వంద చెత్త ఉత్తరాలు ఒక కుప్ప, వంద మంచివి ఇంకో కుప్ప అనుకుందాం. 'ర్యాంకింగ్' అన్న మాట చెత్తలో అరవై ఉత్తరాల్లో ఉంది, మంచివాటిలో ఒక్కదాంట్లో. 'దుప్పటి' చెత్తలో ఒకటి, మంచిలో డెబ్బై. 'బల్క్' ఇటు ముప్పై, అటు ముప్పై. ఇప్పుడు 'బల్క్', 'ర్యాంకింగ్' రెండూ ఉన్న ఉత్తరం వచ్చింది. చెత్త వైపు ముప్పైని అరవైతో, మంచి వైపు ముప్పైని ఒకటితో గుణిస్తే, చెత్త అరవై పాళ్ళు, మంచి ఒక పాలు. 'బల్క్', 'దుప్పటి' ఉన్న ఉత్తరమైతే తక్కెడ డెబ్బై పాళ్ళు మంచి వైపు వంగుతుంది. 'బల్క్' ఎటూ లాగలేదు, చూశారా? నేను నిషేధించిన మాట సాక్ష్యానికే పనికిరాదు.

గ్రాహమ్ చేసిన రెండు పనులు నాకు భలే నచ్చాయి. మంచి కుప్పలో కనబడిన మాటను రెండింతలుగా లెక్కపెట్టాడు. చెత్త ఒకటి లోపలికొస్తే చిరాకు, మంచి ఒకటి బయట పడితే నష్టం అని ఆయన లెక్క. ఇంతకు ముందెప్పుడూ చూడని మాటకు 0.4 ఇచ్చాడు. అంటే కొత్త ముఖాన్ని కొంచెం నమ్మాడన్నమాట. ఈ రెండోది మనలాంటివాళ్ళకు ప్రాణం. మావాళ్ళు తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తారు, 'దుప్పటి'ని ఒకరు రాసినట్టు ఇంకొకరు రాయరు. తెలుగు లిపిలో రాసినా దుప్పట్లకు, దుప్పట్లను, దుప్పట్లేమన్నా అంటూ ప్రతిదీ యంత్రానికి కొత్త మాటే. పైదేశాల్లో ఇంగ్లిష్ మీద తర్ఫీదైన వడపోతలను తెచ్చి తగిలిస్తే, మన రాత వాటికి రష్యన్‌లాగే కనబడొచ్చు. అందుకే నా కుప్పలు నేనే పోశాను, షావుకారుకు వచ్చిన ఉత్తరాలతోనే.

ఇన్ని కట్టినా ఒక రకం ఆగదు, ఎందుకంటే అది రాసేది మనిషే. "సార్, మీ సైటులో కొన్ని లోపాలు గమనించాం" అని మొదలవుతుంది. అట్లాంటి ఒక ఉత్తరం కింద నంబరుకు కోపంతో ఫోను చేశాను. అవతల గొంతు తడబడింది. "సార్... నేను సార్, మీ అంగడిలో టైపింగు నేర్చుకున్నోణ్ణి." బెంగళూరులో ఉద్యోగమట. రోజుకు ఇన్ని ఫారాలని లెక్క, తక్కువైతే జీతం కోత. గడులు గబగబా నింపడం నేర్పింది నేనే కదా. ఏమంటాను? అన్నం తిన్నావా అని అడిగి పెట్టేశాను. ఆ నంబరును మాత్రం ఆపించాను.

ఫారం కట్టుకునేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. నింపగానే "ధన్యవాదాలు, మీరు రాసింది ఇదీ" అని తిరుగు మెయిలు పంపే ఏర్పాటు చాలామంది పెడతారు. దొంగ ఈమెయిలు గడిలో ఇంకెవరిదో చిరునామా, సందేశంలో తన ప్రకటన పెడితే, మన సైటే ఆ ప్రకటనను మోసుకుపోయి వాళ్ళింట్లో పడేస్తుంది. తిరుగు మెయిలు పెట్టకండి, పెడితే వాళ్ళు రాసింది అందులో చూపకండి.

ఇప్పుడు షావుకారు సైటులో ఏదీ పారెయ్యను. బోనులో పడ్డదీ, గడియారం పట్టుకున్నదీ, లెక్క తప్పన్నదీ అన్నీ సర్వరులోనే ఒక పక్క పెట్టెలో చేరతాయి, మెయిలుగా కదలవు. శుక్రవారం సాయంత్రం టీ తెప్పించుకుని ఆ పెట్టె తెరుస్తాను. పది నిమిషాల పని. పోయినవారం అందులో ఒక చిన్న ఉత్తరం దొరికింది. ఇంగ్లిష్ అక్షరాల్లో కన్నడం: "హొదికె ఎష్టు? 12 బేకు." దుప్పటి ఎంత, 12 కావాలి అని. కింద లెక్క ప్రశ్నకు జవాబు కూడా కన్నడంలోనే, 'ఐదు' అని కాక 'ఐదూ' అని సాగదీసి. నా వడపోత దాన్ని తప్పు జవాబు కింద కొట్టేసింది. నంబరుకు ఫోను చేస్తే కర్ణాటకలోని సిరుగుప్ప. కూతురి సీమంతానికట, బుధవారం లోపల కావాలంది ఆ తల్లి. షావుకారుకు నంబరిచ్చి, 'ఐదూ'ను కూడా సరైన జవాబుల్లో చేర్చాను.